వీలునామాలో మన పేరుందా? చెన్నైలోని తెలుగు కుటుంబాలకు ఏ దారి సరిపోతుంది

పెద్దవాళ్ళు పోయి, కర్మలు ముగిసి, చుట్టాలు వెళ్ళిపోగానే చాలామంది మనసులో మెదిలే ప్రశ్న ఇది. పైకి అడగాలంటే మొహమాటం. అడిగితే ‘అప్పుడే ఆస్తి మీద కన్నేశాడు’ అంటారేమోనని బెరుకు. అడగకుండా ఊరుకుంటే, కొన్నేళ్ళకి ఇల్లు చేతులు మారిపోయిందని ఇంకెవరో చెబితే తెలుస్తుంది.

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు చిక్కు ఇంకాస్త ఎక్కువ. ఇల్లు పెరంబూరులో ఉంటుంది, పొలం నెల్లూరు దగ్గర, బ్యాంకు లాకరు టీ నగర్‌లో, పెద్ద కొడుకు బెంగళూరులో. కాగితాలు కొన్ని తమిళంలో, కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో ఉంటాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడేవాళ్ళ కోసం ఉన్న దారులన్నీ ఒకచోట పెట్టి, ఎవరికి ఏది నప్పుతుందో చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. సినిమాల్లో లాయరు అందరినీ హాల్లో కూర్చోబెట్టి వీలునామా చదివి వినిపిస్తాడు. మన చట్టంలో అలాంటి తంతు ఏదీ లేదు. మీ పేరు రాసినంత మాత్రాన ఎవరో ఫోన్ చేసి చెబుతారని ఎదురుచూడకండి. దేశమంతటి వీలునామాలకూ కలిపి ఒకే రిజిస్టరు కూడా లేదు. 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్ట్‌లో, ప్రొబేట్ అయిన, అంటే నిజమైనదేనని కోర్టు ధ్రువీకరించిన, అసలు వీలునామాలను ‘ఒక పబ్లిక్ రిజిస్ట్రీ ఏర్పడేదాకా’ కోర్టు భద్రపరచాలని రాశారు. వందేళ్ళు గడిచినా అది ఏర్పడలేదు. అందుకే వెతుక్కోవలసిన పని మన మీదే పడుతోంది.

దారి ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, రాసినవాళ్ళు బతికే ఉన్నారా? ఉంటే ఈ వ్యాసంలోని దారుల్లో ఒక్కటే మీకు పనికొస్తుంది: నోరు తెరిచి వాళ్ళనే అడగడం. వాళ్ళు బతికున్నంత కాలం వీలునామా వాళ్ళ సొంత కాగితం, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. రిజిస్ట్రార్ కూడా దాన్ని ఇంకొకరికి చూపించడు. ఈరోజు మీ పేరు ఉందని తెలిసినా రేపటికి ఉంటుందన్న హామీ లేదు.

రెండోది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. వీలునామా లేకపోయినా మీరు వారసులేనా?

హిందూ మగవాడు వీలునామా లేకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్ళు, తల్లి మొదటి తరగతి వారసులు. మీరు వీళ్ళలో ఒకరైతే, వీలునామా సంగతి తేలకపోయినా మీకంటూ ఒక హక్కు ఉంటుంది. ఎవరైనా ప్రొబేట్‌కి వెళ్తే దగ్గరి బంధువుగా మీకు నోటీసు రావాలి. పిలవాల్సినవాళ్ళను పిలవకుండా తెచ్చుకున్న ప్రొబేట్‌ను రద్దు చేయమని అడిగే వీలు కూడా ఇండియన్ సక్సెషన్ యాక్ట్‌లో ఉంది.

మీరు మేనల్లుడో, కోడలో, పెంచుకున్నారే గానీ దత్తత కాగితం లేని బిడ్డో, ఏళ్ళ తరబడి పక్కనుండి చాకిరీ చేసిన మనిషో అయితే పరిస్థితి పూర్తిగా వేరు. మీకున్న ఆధారం ఆ ఒక్క వీలునామాయే. అది బయటికి రాకపోతే మీరెవరో కోర్టుకీ తెలియదు, రిజిస్ట్రార్‌కీ తెలియదు. పిల్లలు లేని విధవరాలైన పెద్దమ్మను చివరిదాకా చూసుకున్న చెల్లెలి కూతురిని తీసుకోండి. వీలునామా లేకపోతే ఆ పెద్దమ్మ సొంత ఆస్తి ముందు ఆమె భర్త వైపు వారసులకు వెళ్తుంది. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితే తండ్రి వారసులకు వెళ్తుంది. సేవ చేసిన అమ్మాయికి చట్టం ముందు వరస కుదరకపోవచ్చు. కాబట్టి వారసులు కానివాళ్ళే ఎక్కువ తొందరగా, ఎక్కువ గట్టిగా వెతకాలి. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు. హక్కున్నవాళ్ళు హడావిడి పడతారు, ఆధారం లేనివాళ్ళు మొహమాటపడి ఆగిపోతారు.

ఇక మిగిలినవి త్వరగా చెబుతాను. ఆస్తి ఏ ఊళ్ళో ఉంది, రాసినవాళ్ళు ఎక్కడెక్కడ కాపురం ఉన్నారు, ఆస్తి అమ్మకానికి పెడుతున్న సూచన ఏదైనా ఉందా, ఈ వెతుకులాట వల్ల ఏ చుట్టరికం దెబ్బతింటుంది, అది తెగినా ఫరవాలేదా. ఈ ఆఖరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. కోర్టు కాగితం వెళ్ళిన ఇంటికి మళ్ళీ పండక్కి వెళ్ళడం కష్టం.

దారి 1: నేరుగా అడగడం

ఖర్చు లేనిది, అందరూ దాటవేసేది. అడగాల్సింది ఆస్తి చేతిలో ఉన్నవాళ్ళ ఒక్కరినే కాదు. వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. మన ఇళ్ళలో ఆ ఇద్దరూ సాధారణంగా ఫ్యామిలీ డాక్టరు, పక్కింటి రిటైరైన ఉద్యోగి, ఆఫీసు స్నేహితుడు, ఆడిటరు లాంటివాళ్ళే అయి ఉంటారు. డాక్యుమెంట్ రైటరు దగ్గర రాయించి ఉంటే ఆయన దగ్గర డ్రాఫ్టు ఉండొచ్చు. సాక్షికి లోపల ఏముందో తెలియాలన్న నియమం లేదు. కానీ ‘ఫలానా సంవత్సరం ఫలానా ఆఫీసుకి వెళ్ళాం’ అన్న ఒక్క మాట చాలు, తర్వాతి దారి సగం తేలికైపోతుంది.

అడిగే తీరు కూడా ముఖ్యం. ‘నాకేమైనా రాశారా’ అని అడిగితే తలుపు మూసుకుంటుంది. ‘బాబాయి ఏమైనా రాసి పెట్టారా పిన్నీ? రాసుంటే ఆయన అనుకున్నట్టే చేద్దాం’ అని అడిగితే ఆ మాటలో ఆయన మీద గౌరవం ఉంటుంది, మీ మీద అనుమానమూ రాదు. జవాబు దాటవేస్తే వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో మర్యాదగా అదే ప్రశ్న ఇంకోసారి రాసి పంపండి. రేపు కోర్టు దాకా వెళ్ళాల్సి వస్తే మీరు ముందే అడిగారనడానికి అదే సాక్ష్యం.

ఈ దారిలో ఉన్న లోటు ఒక్కటే. ‘ఏమీ లేదు’ అన్న జవాబు ఎంతవరకూ నిజమో తెలుసుకోలేం.

దారి 2: సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించడం

చాలామందికి తెలియని దారి ఇది. నన్నడిగితే మొదట ఇంట్లో అడగండి, జవాబు ఏదొచ్చినా సరే ఇక్కడికి వెళ్ళండి.

వీలునామా రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు. చేయిస్తే అది ఆ ఆఫీసులో వీలునామాలు ఎక్కించే 3వ పుస్తకంలో నమోదవుతుంది. ఇళ్ళ స్థలాల అమ్మకాలు ఎక్కే 1వ పుస్తకం ఎవరైనా చూడొచ్చు, 3వ పుస్తకం అలా కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ యాక్ట్ 57వ సెక్షన్ ప్రకారం రాసినవాళ్ళు బతికుండగా కాపీ వాళ్ళకీ వాళ్ళ ఏజెంటుకీ మాత్రమే ఇస్తారు. చనిపోయాక మాత్రం దరఖాస్తు పెట్టుకున్న ఎవరికైనా ఇవ్వాలి. వారసులై ఉండాలని ఆ సెక్షన్‌లో లేదు. మేనల్లుడికీ, సేవ చేసిన మనిషికీ ఇంతకంటే విలువైన వాక్యం ఈ చట్టంలో ఇంకోటి లేదు. కౌంటరు దగ్గర ‘వారసు సర్టిఫికెట్ తెండి’ అని వెనక్కి పంపబోతే, 57వ సెక్షన్ రెండో సబ్ సెక్షన్ పేరు చెప్పి, దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఆన్‌లైన్‌లో ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీసి, తమిళంలో విల్లంగం అంటారే అదే, అందులో వీలునామా కనిపించలేదు కాబట్టి లేదనుకుంటారు. ఈసీ 1వ పుస్తకం లోంచి వస్తుంది. వీలునామా ఉన్నా అందులో కనబడదు. 3వ పుస్తకం సూచికను మనం తిరగేయలేం, రిజిస్టరింగ్ ఆఫీసరే వెతికి చెప్పాలి. అందుకని డెత్ సర్టిఫికెట్ జతచేసి, 3వ పుస్తకంలో వెతకమని, దొరికితే సర్టిఫైడ్ కాపీ ఇమ్మని స్పష్టంగా రాయాలి.

తెలుగువాళ్ళకి ఇక్కడ పేరు దగ్గర ఒక ప్రత్యేకమైన ఇబ్బంది వస్తుంది. సూచిక పేర్ల మీద నడుస్తుంది. మనకు ఇనిషియల్ అంటే ఇంటిపేరు, తమిళనాడులో ఇనిషియల్ అంటే తండ్రి పేరు. చెన్నైలో నలభై ఏళ్ళున్న మనిషికి రేషన్ కార్డులో ఒక ఇనిషియల్, ఊళ్ళో పాస్‌బుక్కులో ఇంటిపేరు, బ్యాంకులో రెండూ ఉండటం మామూలే. వెంకటేశ్వర్లు తమిళంలో వెంకటేశ్వరలు అయ్యుంటాడు, ఆడవాళ్ళ పేరు చివర ‘అమ్మ’ కొన్ని కాగితాల్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. దరఖాస్తులో ఈ రూపాలన్నీ రాయండి, తండ్రి పేరు లేదా భర్త పేరు, పాత చిరునామాలు కూడా రాయండి. ఒక్క రూపం మీద వెతికి ‘లేదు’ అన్నారంటే ఆ ఒక్క రూపం మీద లేదనే అర్థం.

రెండో ఇబ్బంది, ఏ ఆఫీసు? అమ్మకం దస్తావేజు సాధారణంగా ఇల్లున్న ప్రాంతాన్ని బట్టే రిజిస్టర్ అవుతుంది గానీ వీలునామాకు ఆ కట్టుబాటు లేదు. రాసిన మనిషి తనకు వీలైన ఆఫీసుకి వెళ్ళొచ్చు. కాబట్టి కాపురం ఉన్న ప్రాంతం, ఆస్తి ఉన్న ప్రాంతం, సొంతూరు, కూతురి దగ్గర ఉన్న ఊరు, ఈ వరసలో వెతకాలి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు పొలాలున్నవాళ్ళు అక్కడి ఆఫీసుల్ని మర్చిపోకూడదు. పండక్కి ఊరెళ్ళినప్పుడు తెలిసిన డాక్యుమెంట్ రైటరు దగ్గర కూర్చుని వీలునామా ముగించుకొచ్చిన పెద్దలు తక్కువేమీ కాదు.

సంవత్సరం తెలియకపోతే జీవితంలోని మలుపుల్ని బట్టి ఊహించవచ్చు: రిటైరైన ఏడాది, గుండె ఆపరేషన్ అయిన ఏడాది, భార్య లేదా భర్త పోయిన ఏడాది, పిల్లల మధ్య పెద్ద గొడవ జరిగిన ఏడాది. వీలునామా రాయాలని మనిషికి అనిపించేది సాధారణంగా అప్పుడే.

ఇంకో సంగతి. రాసినవాళ్ళు పోయాక కూడా ఎగ్జిక్యూటరో (వీలునామాను అమలు చేయమని అందులో నియమించిన మనిషి), దాని కింద హక్కు చెప్పుకునేవాళ్ళో వీలునామాను రిజిస్ట్రేషన్‌కి తీసుకెళ్ళవచ్చు, గడువేమీ లేదు. కాబట్టి ఇప్పుడు దొరక్కపోతే కొన్ని నెలలాగి మళ్ళీ ఒకసారి వెతికించండి.

దారి 3: సీలు వేసి దాచిన కవరు

కొందరు వీలునామాను రిజిస్టర్ చేయించకుండా, సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాస్తారు. ఇది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండదు, 3వ పుస్తకం వెతుకులాటలోనూ కనబడదు. దాని లెక్క 5వ పుస్తకంలో ఉంటుంది. దాచిన మనిషి పోయినట్టు రుజువు చూపించి దరఖాస్తు పెడితే, దరఖాస్తుదారు ఎదుటే కవరు విప్పి, ఆ ఖర్చు మన దగ్గర తీసుకుని, లోపలున్నది 3వ పుస్తకంలోకి ఎక్కిస్తారు. అరుదే, కానీ గుట్టుగా ఉండే మనుషులు, పిల్లల మధ్య తగాదాలున్న పెద్దలు ఎంచుకునే పద్ధతి ఇదే. ఇంట్లో ఇనప్పెట్టెలో రిజిస్ట్రార్ ఇచ్చిన రసీదు కనిపిస్తే పారేయకండి.

దారి 4: కోర్టు రికార్డుల్లో పేరు వెతకడం

ఎవరైనా వీలునామా పట్టుకుని ప్రొబేట్‌కి వెళ్ళి ఉంటే అది కోర్టు రికార్డులో ఉంటుంది. చెన్నై విషయంలో చూడాల్సింది ప్యారీస్ కార్నర్ దగ్గరున్న మద్రాసు హైకోర్టు. అక్కడ ప్రొబేట్ అర్జీ ఓపీ నంబరుతో మొదలవుతుంది, ఎవరైనా అడ్డం తిరిగితే టీఓఎస్‌గా, అంటే దావాగా మారుతుంది. బెంగళూరులో అయితే సిటీ సివిల్ కోర్టు, అక్కడ పీ అండ్ ఎస్‌సీ నంబర్లు. కక్షిదారు పేరూ సంవత్సరమూ ఇచ్చి ఈకోర్ట్స్ సైట్లోనూ, హైకోర్టు కేసుల సైట్లోనూ ఇంట్లోంచే వెతకొచ్చు. చనిపోయినవాళ్ళ పేరుతో పాటు, అర్జీ వేసి ఉంటారని మీకు అనుమానమున్న బంధువుల పేర్లతో కూడా వెతకండి. ఖర్చు లేదు, ఎవరికీ తెలియదు, అమెరికాలో కూర్చుని కూడా చేయొచ్చు.

ఈ దారి బలం ఇటీవల తగ్గిందన్న సంగతి మాత్రం గమనించాలి. హిందువులు మద్రాసు హైకోర్టు ఒరిజినల్ పరిధిలో, అంటే చెన్నై నగరంలో, రాసిన వీలునామాకూ, ఆ పరిధిలోని ఇళ్ళూ స్థలాల గురించి రాసిన వీలునామాకూ ప్రొబేట్ లేకపోతే కోర్టులో హక్కు స్థాపించుకునే వీలుండేది కాదు. ముంబై, కోల్‌కతాల్లోనూ అంతే. బెంగళూరులో హిందువుల వీలునామాకు ఆ నిబంధన ఎప్పుడూ లేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ నిబంధన ఉన్న 213వ సెక్షన్‌ను తొలగించింది. ఇప్పటికీ ప్రొబేట్ తెచ్చుకోవచ్చు, తెచ్చుకోకపోయినా నడుస్తుంది.

వీలునామా ప్రకారం ఆస్తి తీసుకునేవాళ్ళకి ఇది మంచి ఊరట. తమ పేరుందో లేదో తెలియనివాళ్ళకి మాత్రం ఒక కిటికీ మూసుకుపోయినట్టే. ఇదివరకు చెన్నై ఇంటి విషయం ఎప్పుడో ఒకప్పుడు కోర్టు మెట్లెక్కేది, నోటీసు వచ్చేది, పేపర్లో ప్రకటన పడేది. ఇకపై అవేవీ లేకుండానే పనులు జరిగిపోవచ్చు. అందుకే చెన్నైలో కూడా ఇప్పుడు కోర్టు కంటే రిజిస్ట్రార్ దారినే ముందు పట్టుకోమంటున్నాను.

దారి 5: క్యావియట్

ఇది తెలుసుకునే దారి అనడం కంటే, మనకు తెలియకుండా జరగనివ్వని దారి అనడం సరైనది. ‘ఫలానావారి వీలునామా మీద ప్రొబేట్ అడిగితే నాకు చెప్పకుండా ఇవ్వకండి’ అని కోర్టులో ముందే వేసి ఉంచే కాగితం. వేశాక మీకు నోటీసు ఇవ్వనిదే ఆ అర్జీ ముందుకు కదలదు. చనిపోయిన ఏడు రోజుల దాకా ప్రొబేట్ ఎలాగూ ఇవ్వరు కాబట్టి, అనుమానం బలంగా ఉన్నవాళ్ళు వెంటనే లాయర్ని కలిస్తే సమయం సరిపోతుంది.

ఎవరు పడితే వాళ్ళు వేయలేరు. ఆ ఆస్తిలో తమకు ఏదో ఒక హక్కు ఉన్నట్టు చూపగలగాలి. కొడుక్కీ కూతురికీ అది సులువు. పాత వీలునామాలో పేరున్నవాళ్ళకీ వీలవుతుంది. ‘నాకిస్తానని నోటితో అన్నారు’ అంటే నిలబడదు. పైగా ప్రొబేట్ ఐచ్ఛికమయ్యాక అవతలివాళ్ళు అసలు ప్రొబేట్‌కే వెళ్ళకపోతే ఈ క్యావియట్ పలకదు.

దారి 6: ‘కాగితం తెచ్చి చూపించు’ అని కోర్టు చేత అడిగించడం

వీలునామా ఫలానావారి దగ్గర ఉందని మీకు ఖచ్చితంగా తెలుసు, వాళ్ళు బయట పెట్టడం లేదు. అప్పుడు ఇండియన్ సక్సెషన్ యాక్ట్ 267వ సెక్షన్ కింద, ఆ కాగితం కోర్టుకు తెచ్చివ్వమని ఆదేశం అడగొచ్చు. వాళ్ళ దగ్గరే ఉందని తేలకపోయినా, దాని సంగతి వాళ్ళకు తెలుసనడానికి తగిన కారణం ఉంటే కోర్టు పిలిపించి ప్రశ్నించగలదు. దానికి నిజం చెప్పి తీరాలి. వీలునామాను మోసంతో చించేయడం, దాచేయడం వేరే నేరం కూడా.

బలమైన దారి, అంతే ఖరీదైన దారి. లాయరు ఫీజు మాట అటుంచి, ఇక్కడికి వచ్చేసరికి ఆ ఇంటితో మాటలు ఉండవు. సాక్షి చెప్పిన మాటో, పాత మెసేజో, ఆసుపత్రి మంచం మీద తీసిన ఫోటోనో, ఏదో ఒక ఆధారం చేతిలో లేకుండా వెళ్ళకండి.

పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | ఎవరు వెళ్ళొచ్చు | ఖర్చు | చుట్టరికం మీద ప్రభావం | ‘లేదు’ అని వస్తే |
|---|---|---|---|---|
| నేరుగా అడగడం | ఎవరైనా | లేదు | అడిగే తీరును బట్టి | నమ్మకం కుదరదు |
| 3వ పుస్తకం వెతుకులాట | మరణం తర్వాత ఎవరైనా | తక్కువ | ఎవరికీ తెలియదు | ఆ ఆఫీసులో, ఆ పేరుతో లేదు |
| సీలు కవరు | మరణం రుజువుతో దరఖాస్తుదారు | తక్కువ | తక్కువ | ఆ జిల్లా రిజిస్ట్రార్ దగ్గర లేదు |
| కోర్టు రికార్డులు | ఎవరైనా | లేదు | ఎవరికీ తెలియదు | ఇంకా ఎవరూ ప్రొబేట్ అడగలేదు |
| క్యావియట్ | ఆస్తిలో హక్కు చూపగలవాళ్ళు | లాయరు ఫీజు | బాగా ఉంటుంది | కాపలా మాత్రమే, జవాబు రాదు |
| 267 కింద ఆదేశం | ఆధారం ఉన్నవాళ్ళు | ఎక్కువ | తెగిపోవచ్చు | ప్రమాణం మీద చెప్పిన మాట దొరుకుతుంది |

ఈ పట్టికలో చివరి నిలువు వరసను జాగ్రత్తగా చూడండి. రిజిస్టర్ కాని వీలునామా తెల్లకాగితం మీద రాసి బీరువాలో పెట్టినా, ఇద్దరు సాక్షులు సరిగ్గా సంతకం పెట్టి ఉంటే చెల్లుతుంది. అందుకే రిజిస్ట్రార్ దగ్గర లేదన్నంత మాత్రాన వీలునామాయే లేదని చెప్పలేం. లాకరుకు నామినీ ఉంటే, తెరిచేటప్పుడు సాక్షుల ముందు రాసే జాబితాలో కాగితాలు కూడా ఎక్కించమని ముందే అడగండి.

నామినీ అన్న మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఎఫ్‌డీకో షేర్లకో నామినీగా మీ పేరు ఉందని వీలునామాలో ఉన్నట్టు అనుకోకండి, అన్న పేరు ఉందని నిరాశ పడనూ వద్దు. షేర్లకు నామినీ అయినవాడు యజమాని కాడని, వారసత్వ చట్టమే చెల్లుతుందని సుప్రీంకోర్టు 2023లో మళ్ళీ స్పష్టం చేసింది. తహసీల్దారు ఇచ్చే వారసు సర్టిఫికెట్ కూడా కుటుంబ సభ్యుల జాబితా మాత్రమే, అందులో వీలునామా ఊసు ఉండదు.

మీరు ఎవరైతే ఏది

పెళ్ళై వెళ్ళిపోయిన కూతురు. అన్నదమ్ములు ‘నాన్న అంతా మాకే రాశాడు’ అంటే నమ్మనూ వద్దు, గొడవపడనూ వద్దు. కాపీ చూపించమనండి. చూపించకపోతే 3వ పుస్తకం, ఈకోర్ట్స్ ఒకేసారి మొదలుపెట్టండి. ఈలోగా ‘హక్కు విడుదల’ కాగితం మీద గానీ, పట్టా మార్పుకు అభ్యంతరం లేదన్న కాగితం మీద గానీ సంతకం పెట్టకండి. వీలునామా ఉన్నదే నిజమైతే వాళ్ళకు మీ సంతకంతో అంత అవసరం ఉండకూడదు కదా. పట్టుబట్టి అడుగుతున్నారంటే అక్కడే ఆలోచించాలి.

వారసులు కానివాళ్ళు. మీకు నోటీసు వస్తుందని ఎదురుచూడకండి. సాక్షుల్ని పట్టుకోండి, వయసైనవాళ్ళైతే ముందు వాళ్ళనే కలవండి. ఆ తర్వాత రిజిస్ట్రార్ ఆఫీసులు ఒక్కొక్కటిగా. కోర్టు జోలికి ఆధారం దొరికాకే వెళ్ళండి. క్యావియట్ మీకు అంతగా పనికిరాదు.

విదేశాల్లో ఉన్నవాళ్ళు. చెన్నై కార్పొరేషన్ డెత్ సర్టిఫికెట్ ఆన్‌లైన్లో దొరుకుతుంది, కోర్టు రికార్డులు ఇంట్లోంచే చూడొచ్చు. 3వ పుస్తకం దరఖాస్తుకి నమ్మకమైన మనిషినో లాయరునో పంపండి. కాపీ ఎవరు అడిగినా ఇవ్వాలి కాబట్టి ఆ మనిషి బంధువు కానక్కరలేదు. తగాదాలో ఉన్న బంధువుల్ని మాత్రం పంపకండి.

ఆస్తి బెంగళూరులో ఉన్నవాళ్ళు. అక్కడ ప్రొబేట్ లేకుండానే, వీలునామా, డెత్ సర్టిఫికెట్ పెట్టి ఖాతా (కార్పొరేషన్ ఆస్తి రికార్డు) మార్పు అడగడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. కాబట్టి కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరీ పోర్టల్లో ఈసీ చూడండి, ఈ-ఖాతా ఎవరి పేరు మీద ఉందో కూడా చూడండి. పేరు మారి ఉంటే ఏ కాగితం చూసి మార్చారని అడగండి. మీకు కనబడని వీలునామా ఆ ఫైల్లో ఉండొచ్చు. చెన్నైలో ఇదే పని పట్టా, ప్రాపర్టీ టాక్స్ రికార్డులతో చేయొచ్చు.

ఇల్లు అమ్మేస్తున్నారని వినబడినవాళ్ళు. పైన చెప్పిన నెమ్మది దారులన్నీ పక్కన పెట్టి ఆ రోజే లాయర్ని కలవండి. కొనేవాళ్ళ చేతికి వెళ్ళాక వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం. అమ్మకం ఆపమని సివిల్ కోర్టును అడగాలంటే కనీసం వారసులమన్న రుజువైనా చేతిలో ఉండాలి.

పేరు దొరికితే

కాపీ చేతికి రాగానే తారీఖు చూడండి. ఆ తర్వాత ఇంకో వీలునామా రాసి ఉంటే, అది రిజిస్టర్ కాకపోయినా సరే, చివరిదే చెల్లుతుంది. ఎగ్జిక్యూటరుగా ఎవర్ని పెట్టారో చూసి రాతపూర్వకంగా అడగండి. మరణం నుంచి ఒక ఏడాది గడిచేదాకా రాసిచ్చినవి పంచి తీరాలన్న నిర్బంధం ఎగ్జిక్యూటరుకు లేదు, కాబట్టి మొదటి నెలలోనే ఇవ్వలేదని మోసమనుకోకండి. ఆ ఏడాది దాటాక కూడా కదలిక లేకపోతే అప్పుడు అనుమానించండి.

అన్నిటికంటే ముందు సాక్షుల పేర్లూ చిరునామాలూ వేరే కాగితం మీద రాసుకోండి. సర్టిఫైడ్ కాపీ వీలునామాలో ఏముందో చూపిస్తుంది గానీ, దాన్ని కోర్టులో రుజువు చేయడానికి బతికున్న సాక్షుల్లో కనీసం ఒక్కరైనా వచ్చి చెప్పాలి. వాళ్ళిద్దరూ లేకపోతే వాళ్ళలో కనీసం ఒకరి చేతిరాతనూ, వీలునామా రాసిన మనిషి సంతకాన్నీ గుర్తుపట్టేవాళ్ళను వెతకాల్సి వస్తుంది. ఆ సాక్షి ఎనభై దాటిన మనిషైతే మిగతా పనులన్నీ ఆగినా ఫరవాలేదు, ఈ వారమే వెళ్ళి కలిసి, లాయరు సలహాతో ఆయన చేత అఫిడవిట్ రాయించుకోండి.